కృత్తివాసుని ఇంట తోలుసంచి



శరణులారా! పరమశివుని నామములలో కృత్తివాసుడు అనునది ఒకటి. కృత్తి యనగా చర్మము. దానినే వస్త్రముగా ధరించినవాడు కృత్తివాసుడు. గజాసురుని తోలు పైన కప్పుకొని, పులితోలు నడుమునకు చుట్టుకొనిన స్వామిని భక్తుడు ఉదయ సాయంకాలములయందు ఈ నామముతో కొలుచుచునే యుండును. అయినను తన ఇంటి గడప మీద ఒక తోలుముక్క కనబడినచో ముఖము చిట్లించును. దేవుడు కట్టుకొనిన బట్టను భక్తుడు తాకుటకు జంకుట చిత్రము కాదా?

తపస్వి కూర్చుండు జింకతోలు పవిత్రము. గుడిలో మ్రోగు మద్దెల పవిత్రము. వీరభద్రుని యెదుట ఖడ్గములు చదువునప్పుడు మ్రోగు వీరణము పవిత్రము. వానిని చేసిన చేయి ఎవరిదని ప్రశ్న వచ్చునప్పటికి మాత్రము ఆ పవిత్రత అక్కడనే ఆగిపోవును. మద్దెల గర్భగుడి వరకు పోవును, మద్దెలకు తోలు బిగించినవాడు ధ్వజస్తంభము కడనే నిలిచిపోవును. కాబట్టి అంటు తోలుకా, తోలును పదును చేసిన మనుష్యునికా అని విచారింపవలసియున్నది. ఈ విచారణకు శాస్త్రగ్రంథములకన్న ఒక ఇంటి వ్యవహారమే ఎక్కువ పనికివచ్చును.

జహీరాబాదు ప్రాంతమును తలచుకొనుడు. బసవేశ్వరుడు మంత్రిగా నుండిన కల్యాణపట్టణము, నేటి బసవకల్యాణము, అచటికి దూరమేమియు కాదు. ఆ వైపు లింగాయతుల ఇండ్లలో తెలుగు, కన్నడము కలిసియే వినవచ్చును. అట్టి ఒక ఊరిలో ఒక రైతు ఇంటిని ఊహింపుడు. ఆ ఇంట పదునారేండ్లు దుక్కి దున్నిన ఎద్దు ఒకటి ముసలిదై, దొడ్డిలోనే కన్నుమూసినది. ఇంటి పెద్దావిడ, అనగా అవ్వ, ఆ ఎద్దునకు ఏటేటా ఏరువాక పున్నమినాడు కొమ్ములకు రంగు పూసి, నొసట విభూతి దిద్ది, బొబ్బట్టు తినిపించినది. అది చనిపోయిననాడు ఆమె అన్నము ముట్టలేదు.

ఆ ఊరి చివర వాడలో తోళ్ళు పదును చేయు వృద్ధుడొకడు కలడు. అతని కుమారులు పట్టణములలో వేరు పనులలో కుదిరిరి. లంద మాత్రము అతని ఇంటి వెనుక ఇంకను మిగిలియున్నది. ఇంటి పెద్ద ఆనవాయితీ చొప్పున అతనికి కబురు పంపెను. అతడు వచ్చి ఎద్దును తీసికొనిపోయెను. ఇంతవరకు ఎవరికిని అభ్యంతరము లేదు. చచ్చినదానిని ఎత్తికొనిపోవుటకు అతడు దొడ్డివాకిటికి వచ్చుట ధర్మమే అని అందరును అనుకొనిరి.

చిక్కు తరువాత వచ్చినది. ఆ ఇంటి మనుమరాలు కళాశాలలో చదువుచున్నది. ఆమె ఆ వృద్ధుని కడకు పోయి, "తాతా, ఆ తోలు నాకు కావలెను. దానితో ఒక సంచి కుట్టుకొందును. నీవు నేర్పవలెను" అని అడిగెను. తన తాతగారు మఠమునకు పోవునప్పుడు వచనముల పుస్తకములు, విభూతిపండు, జపమాల పెట్టుకొనుటకు ఒక సంచి కుట్టి ఇయ్యవలెనని ఆమె కోరిక. ఇష్టలింగమును ఉంచుటకు కాదు. ఇష్టలింగమును వస్త్రమునందో, వెండికాయయందో అమర్చి దేహముపై ధరించుట ఆచారము, ఆ ఆచారమును ఎవరును మార్చుమనలేదు.

ఈ మాట విన్నంతనే అవ్వ మండిపడినది. "లింగము కట్టుకొన్నవారి ఇల్లమ్మా ఇది. చచ్చిన పశువు తోలు గడప దాటి లోపలికి రాగూడదు. పైగా అది మన బసవన్న. నా చేతితో విభూతి పెట్టిన నొసలది. దానిని సూదులతో పొడుతువా? ఊరివారు ఏమందురు?" అనెను. ఈ మూడు మాటలలో మూడు వేర్వేరు సంగతులున్నవి. మొదటిది మైల, రెండవది ప్రేమ, మూడవది లోకాపవాద భయము. మూడింటిని ఒకే గాటను కట్టి ముసలివారి మూఢత్వమని కొట్టివేయుట యౌవనమున సులభము. అది న్యాయము కాదు. నడిమి మాటలో ఉన్న వేదన నిజమైనది.

పదిదినములు ఆ ఇంట మాటలు సాగలేదు. అంతలో ఊరి మీదుగా పోవుచున్న ఒక జంగమస్వామి ఆ ఇంట విడిదిచేసెను. పాదపూజ ముగిసినది. పాదోదకప్రసాదములు స్వీకరించిన పిమ్మట అవ్వ ఈ తగవును ఆయన ముందు పెట్టెను. "అయ్యగారూ, మీరే చెప్పుడు" అనెను.

స్వామి మొదట మైల సంగతి ఎత్తుకొనెను. "అమ్మా, లింగధారణ జరిగిన దేహమునకు పంచసూతకములు లేవని నీకు దీక్ష ఇచ్చిన గురువు చెప్పియుండునుగదా. జననసూతకము లేదు, మరణసూతకము లేదు, రజస్సూతకము లేదు, ఉచ్ఛిష్టసూతకము లేదు, జాతిసూతకము లేదు. నీ కోడలు బాలింతగా నున్న దినములలోను లింగపూజ మానలేదు. నీ భర్త తల్లి లింగైక్యమైననాడును ఈ ఇంట పూజ ఆగలేదు. నాలుగు సూతకములు విడిచిన ఇంటిలో అయిదవదానికి మాత్రము గది ఎందుకు మిగిల్చితివి?" అని అడిగెను. అవ్వ మాటాడలేదు. వీరశైవులలో అనేకులు ఈ అయిదవదాని దగ్గరకు వచ్చునప్పటికే మౌనము వహింతురు.

ఇట పూర్వశరణుల కథలు స్మరింపవలసియున్నది. తెలుగువారికి ఈ కథలను 13వ శతాబ్దమున పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును ద్విపదలో రచించి అందించెను. అందులోనిది మాదార చెన్నయ్య కథ. చెన్నయ్య చోళరాజు గుఱ్ఱములకు గడ్డి కోయు సేవకుడు. రాజు షడ్రసోపేతముగా నైవేద్యము పెట్టుచుండగా, శివుడు చెన్నయ్య గుడిసెలో అంబలి త్రాగి తృప్తిచెందెను. ఆ సంగతి బయటపడగా రాజే వచ్చి చెన్నయ్య పాదములపై పడెను. బసవేశ్వరుడు తన వంశమును చెప్పుకొనవలసి వచ్చినప్పుడు తన జన్మకులమును పేర్కొనలేదు. చెన్నయ్యను తండ్రిగాను, తోళ్ళు ఊను డోహర కక్కయ్యను తన ఇంటి పెద్దలలో ఒకనిగాను లెక్కించెను. మంత్రిపదవిలో నున్నవాడు కొలువు నిండియున్న పట్టణమున ఇట్టి బంధుత్వము చాటుకొనుట ఎంత సాహసమో నేటివారికి సులభముగా తెలియదు.

చెన్నయ్య పేర నిలిచిన వచనముల ముద్రిక ఇంకను ఆశ్చర్యకరము. తక్కినవారిలో అనేకులు తమ ఇష్టదైవముల నామములను ముద్రికలుగా నుంచిరి. ఆయన ముద్రికలో చర్మకారుని చేయుళి, కత్తి, తోలు పెట్టి కొట్టు అడుగుదిమ్మె కలవు. వానికి దాసుడవు కాకుము, నిజాత్మను ఎఱుగుము అని ఆ ముద్రిక భావము. పనిముట్టును దాచుకొనలేదు, దానిని దైవమును చేయలేదు. పని చేయుచునే పనికి బానిస కాకుండుట ఎట్లో ప్రతి వచనము చివర తనకు తానే చెప్పుకొనెను.

ఇక హరళయ్య, కల్యాణమ్మల కథ. కన్నడనాటి శరణచరిత్రలు చెప్పు చొప్పున, చెప్పులు కుట్టు హరళయ్య ఒకనాడు వీథిలో బసవేశ్వరునికి "శరణు" అని మ్రొక్కెను. బసవేశ్వరుడు బదులుగా "శరణు శరణార్థి" అనెను. తాను ఒకసారి మ్రొక్కగా ఆయన రెండుమార్లు మ్రొక్కెనని, ఆ ఎక్కువ మ్రొక్కు తనకు ఋణమైనదని హరళయ్య ఇంటికి వచ్చి కుమిలిపోయెను. ఆలుమగలు ఆలోచించిరి. ఆయన కుడితొడ, ఆమె ఎడమతొడ చర్మములతో పాదరక్షలు కుట్టి ఇచ్చిరి. బసవేశ్వరుడు వానిని తొడుగుకొనలేదు. ఇవి కాళ్ళకు తగినవి కావని శిరస్సున దాల్చెను.

తొడల తోలు నిజమా, అతిశయమా అని వాదించువారు కలరు. వాదింపనిండు. ఈ కథలో మనస్సును కుదుపవలసినది తొడ కాదు, ఒక్క మ్రొక్కు. ఊరంతయు తన నీడ పడకుండ తొలగిపోవు కాలమున, ఒక మంత్రి తనకు చేతులు జోడించెనని ఒకడు నిద్రపట్టక కుమిలెను. ఎన్ని తరములుగా ఆ వాడకు ఒక్క మ్రొక్కైనను అందియుండలేదో ఆ కుమిలిపాటే చెప్పును.

ఆ హరళయ్య కుమారుడు శీలవంతునికి, బ్రాహ్మణకులమున పుట్టి శరణుడైన మధువరస కుమార్తెకు వివాహము జరిగినది. ఇద్దరును లింగధారులే కావున శరణులకు అది వర్ణసంకరము కాలేదు. బిజ్జలుని ఆస్థానమునకు అయినది. తండ్రులిద్దరును ఘోరమైన రాజదండనకు గురియైరి. 1167 ప్రాంతమున కల్యాణము అల్లకల్లోలమై, శరణులు వచనముల కట్టలు మోసికొని దిక్కులకు చెదరిపోయిరి. వీరశైవుల చరిత్రలో అతిపెద్ద త్యాగము ఒక తోలుపనివాని ఇంటి పెండ్లి కారణముగా జరిగినదని మరువరాదు. హరళయ్య పటమునకు ఏటేటా పూలమాల వేయు ఊరిలోనే ఆ వృత్తివారి పిల్లలకు అద్దెకు గది దొరకకుండుట కలదు. పటమునకు వాసన లేదు గనుక మాల వేయుట సులభము.

స్వామి ఈ కథలు చెప్పి, అవ్వ రెండవ మాటకు వచ్చెను. ఎద్దు మీది ప్రేమ సంగతి. "ఈ ఊరిలో మోటబావులు నీకు గుర్తున్నవా?" అని అడిగెను. గుర్తులేకేమి? ఆమె కాపురమునకు వచ్చిననాటికి విద్యుత్తు మోటారులు లేవు. జత ఎడ్లు ఏటవాలు దారిలో దిగుచుండ, బావిలోనుండి పెద్ద తోలుసంచి నిండుగా పైకి వచ్చి, తొండము గుండ కాలువలోనికి నీరు గ్రుమ్మరించెడిది. ఆ నీటితోనే వరి పండినది. ఆ నీటితోనే పూలమొక్కలు పెరిగి లింగపూజకు పువ్వులిచ్చినవి.

"ఆ సంచి దేని తోలు?" అని స్వామి అడిగెను.

అవ్వ కొంతసేపు ఊరకుండి, "ఎద్దుదే" అనెను.

"బ్రతికియుండి మోటను లాగినది ఎద్దు. చచ్చి మోటయై నీరు మోసినదియు ఎద్దే. ఆ నీరు త్రాగిన ఇల్లు ఇది. నీవు విభూతి పెట్టినదానిని గోతిలో పూడ్చినను మన్నగును. నీ మనుమరాలు దానిని వచనములు మోయుటకు నిలుపుకొందుననుచున్నది. ఏది ప్రేమయో నీవే చూచుకొనుము. వలదన్నను తప్పులేదు. కాని మైల అను పేరుతో వలదనకుము."

ఆయన అంతకుమించి చెప్పలేదు. మరునాడు ఉదయమే వెడలిపోయెను. అవ్వ సరే అనలేదు, వలదనియు అనలేదు. మనుమరాలు ఆ మౌనమునే అనుమతిగా గ్రహించి పని మొదలుపెట్టెను.

ఇట జీవహింస ప్రశ్న నడుగువారికి ఒక మాట. దయ లేనిచోట ధర్మము లేదన్నది బసవమార్గమునకు వేరు. నేడు అంగడిలో దొరకు తోలులో ఎక్కువ భాగము వధశాలలనుండి వచ్చినదే. కావున శాకాహారనియమము గల ఇంటివారు తోలువస్తువు కొనునప్పుడు ఇది ఎట్లు వచ్చినదని అడుగుట ఉచితమే. పూర్వపు గ్రామములలో చర్మకారుడు ఎక్కువగా తనంత తాను చనిపోయిన పశువు తోలునే తీసికొనెడివాడు. అతడు చంపలేదు. అయినను ఇతరులు విడిచిన శవమును ఎత్తిన పాపమునకు అతనినే అంటరానివానిగ చేసిరి. శవమును వాకిట విడిచినవాడు శుద్ధుడు, ఎత్తి ఊరిని శుభ్రపరచినవాడు అశుద్ధుడు! ఈ లెక్క ఎవరు వేసిరో గాని, కల్యాణపు శరణులు మాత్రము దానిని కొట్టివేసిరి.

తోలు పదునగు విధము తెలిసికొనదగినది. పచ్చితోలులో మూడింట రెండు పాళ్ళ వరకు నీరే యుండును. ఊరకున్నచో రెండు మూడు దినములలో కుళ్ళును. కావున వెంటనే ఉప్పు పట్టింతురు. పిమ్మట సున్నపునీటిలో కొన్ని దినములు నానవేయగా వెండ్రుకలు వదులై ఊడివచ్చును. మాంసపు వైపు అంటియున్నదానిని కత్తితో గీకి, సున్నము పోవువరకు కడుగుదురు. తరువాత తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయలు దంచి కాచిన కషాయములో నుంతురు. మన గ్రామీణులది ఇంకొక నేర్పు కలదు. తోలునే సంచివలె కుట్టి, కొయ్యకు వ్రేలాడగట్టి, లోపల చెక్కపొడియు నీరును నింపుదురు. కషాయము తోలు గుండ మెల్లమెల్లగా ఊరి బొట్లుబొట్లుగా క్రిందికి జారును. జారినదానిని మరల పైన పోయుదురు. సంచి కాకముందే ఆ తోలు ఒకమారు సంచియగును. ఇట్లు నెలకు పైగా గడచినపిమ్మట చెక్కలోని వగరు తోలు నరనరమునను పట్టుకొని ఇక దానిని కుళ్ళనీయదు. క్రోమియం లవణములతో త్వరగా పదును చేయు పద్ధతికి అమెరికాలో 1884లో పేటెంటు లభించినది. నేడు లోకమున అధికభాగము తోలు ఆ పద్ధతిలోనిదే. మద్రాసులో 1948లో నెలకొనిన కేంద్రీయ చర్మపరిశోధన సంస్థ ఈ విద్యను శాస్త్రముగా అభివృద్ధి చేసినది. అయినను చేతితో కుట్టు పనికి తంగేటి చెక్క తోలుకు సాటి తక్కువ. తడిపిన వంగును, రుద్దిన మెరయును, ఎండకును నూనెకును నిగ్గుతేలి రంగు ముదురును.

దీక్షను గూర్చి గురువులు చెప్పు మాట ఒకటి ఇట తలపునకు వచ్చును. శ్రీగురువు శిష్యుని మాంసపిండమును మంత్రపిండముగా మార్చునందురు. దేహము అదే, చర్మము అదే. కుళ్ళిపోవలసినది కుళ్ళని స్థితిని పొందును. తత్త్వములు పాడువారు శరీరమును తోలుతిత్తి యని ఎగతాళి చేయుట కలదు. తిత్తి యగుటలో అవమానము లేదు, పదును లేకుండుటలోనే కలదు. లంద చూచినవారికి ఈ మాట వేరుగ విప్పి చెప్పవలసిన పని లేదు.

పదునైన తోలు వచ్చినది. వృద్ధుడు దానిని తెచ్చి వాకిటి మెట్టు క్రింద పరచి, తానును అక్కడనే కూర్చుండెను. పిల్ల అరుగు మీదికి రమ్మనెను. "ఇక్కడ వెలుతురు బాగున్నదమ్మా" అని అతడు తప్పించుకొనెను. పిల్లయే దిగి అతని ప్రక్కన కూర్చుండెను.

మొదటి పాఠము కత్తి పట్టుట కాదు, తోలును చేతితో తడవి చూచుట. వెన్ను వెంబడి తోలు దిట్టముగా, సాగకుండ నుండును. పొట్టవైపు మెత్తగా సాగిపోవును. భుజమున వ్రేలాడు పట్టెను వెన్నునుండియే కోయవలెను, పొట్టనుండి కోసినచో ఏడాది తిరుగకుండ మూరెడు పొడుగగును. కాడి మోసిన మెడ దగ్గర తోలు మందమై, ముడుతలు పడి, ఒకచోట కాయ కాచిన మచ్చ యుండెను. పిల్ల ఆ మచ్చను వదలి కోయబోగా వృద్ధుడు ఆపి, "దానిని ముందువైపునకు రానిమ్ము. అది దాని కాయకపు గుర్తు" అనెను.

అట్టతో కొలతముక్కలు కోసిరి. ముందు ముక్క వెడల్పు 30, ఎత్తు 25 సెంటీమీటర్లు. వెనుక ముక్కయు మూతయు ఒకే తునుక, 50 సెంటీమీటర్ల పొడవు. ప్రక్కలను అడుగును కలుపు పట్టె 80 పొడవు, 6 వెడల్పు. భుజపు పట్టె వేరు. అంతయు కలిపి తరుగుతో నాలుగు చదరపు అడుగుల తోలు చాలును. రెండు మిల్లీమీటర్ల మందమున్నచో సంచి నిలుచును, మోయుటకు బరువుగ నుండదు. తోలు పైముఖమున సీసకడ్డీ గీత పెట్టరాదు, అది పోదు. ఆరె మొనతో సన్నగా గీయవలెను. రంపె పదునుగా నుండవలెను. మొద్దుకత్తియే చేయి తెగుటకు కారణమగునని అతడు పదేపదే చెప్పెను. రాతిపలక మీద తోలు పరచి, ఒకే లాగులో కోయించెను. మడతపడు చోట్ల అంచును లోపలివైపునుండి పలుచగా చెక్కించెను.

తరువాత బెజ్జములు. అంచునకు నాలుగు మిల్లీమీటర్ల లోపల గీత గీసి, అయిదు మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున ఆరెతో పొడవవలెను. 80 సెంటీమీటర్లకు సుమారు 160 బెజ్జములు, రెండు వైపులకు కలిపి 320. ఆరెను నిట్టనిలువుగ పట్టకున్న వెనుకవైపున వరుస వంకరపోవును. మొదటి ఇరువది పిల్లవి వంకరపోయినవి. కుట్టవలసిన అంచు పొడవునకు నాలుగింతల దారము తీసి, తేనెమైనము పట్టించి, రెండు కొనలకు రెండు సూదులు ఎక్కింతురు. ఒక సూది ఇటునుండి, రెండవది అటునుండి ఒకే బెజ్జములోనికి పోవును. రెండును దాటినపిమ్మట రెండు చేతులతో సమానముగ బిగింపవలెను. ఈ కుట్టులో ఒక ప్రక్క దారము తెగినను రెండవది పట్టుకొనియుండును. కుట్టుమిషను కుట్టులో ఒకచోట తెగిన వరుసగా ఊడిపోవుట అందరును చూచినదే. హరళయ్య, కల్యాణమ్మలు ఎదురెదురుగా కూర్చుండి ఇట్లే కుట్టియుందురని పిల్ల అనెను. వృద్ధుడు నవ్వెను గాని బదులు చెప్పలేదు. అతని భార్య పోయి అప్పటికి చాలకాలమైనది.

అంగడిసంచులలో మూతకు బిగువు వచ్చుటకై నడుమ అట్టముక్క పెట్టి పైకి పలుచని తోలు తొడుగుట కలదని పిల్ల చదివియుండెను. అట్లు చేయుదమా అని అడిగెను. అతడు తల యడ్డముగ నూపెను. "వాన తగిలినప్పుడు అట్ట చెప్పును, నా పని ఏమిటో" అనెను. శరణులు సత్యశుద్ధకాయకము అనునది దీనినే. కొనువాడు చూడజాలని లోపలిపొర యందు కూడ మోసము లేకుండవలెను. ఆయ్దక్కి మారయ్య ఒకనాడు రోజుకన్న ఎక్కువ బియ్యము ఏరి తేగా, ఆయన భార్య లక్కమ్మ ఆ ఎక్కువదానిని వెనుకకు పంపినదని కథ. మిగిలిన తోలును ఆ వృద్ధుడు ఏమిచేసెనో చెప్పవలసియున్నది. ఒక్క తునుకయు దాచలేదు, పారవేయలేదు. పెద్దముక్కలతో ఎవరిదో తెగిన చెప్పునకు పట్టెలు కోసెను. చిన్నవానిని ఆ ఇంటి దొడ్డి తలుపు చీలలకు మెత్తగా నుండుటకు బిళ్ళలుగ కోసి ఇచ్చెను.

సంచి కుట్టిన పిల్ల శరణురాలైనదా? తొందరపడి అట్లనరాదు. సెలవులలో ఇష్టముకొలది ఒక సంచి కుట్టుట వేరు. తాతముత్తాతలనుండి వేరు దారి లేక, సున్నపునీటిలో చేతులు పుండ్లుపడి, ఊరివారు ముక్కు మూసికొని తొలగుచుండగా బ్రతుకంతయు ఆ పనిలో గడపుట వేరు. బసవేశ్వరుని కాలమున కాయకము గౌరవముతో చేపట్టునదే గాని, పుట్టుకతో మెడకు తగిలించునది కాదు. వృద్ధుని కుమారులు లందను విడిచిపోయిరని నొచ్చుకొనువారు తమ కుమారులను ఆ పనికి పంపుదురా? 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణమున అస్పృశ్యతను రద్దుచేసినది. శరణులు అంతకు ఎన్నిమిదివందల ఏండ్ల ముందే రద్దుచేసిరని సభలలో చెప్పుకొనుట కలదు. ముందుగా చెప్పినవారికి ముందుగా ఆచరింపవలసిన భారమును కలదు.

పదునొకండు దినములలో సంచి పూర్తియైనది. అంచులను నీటితో తడిపి నునుపైన కొయ్యతో రుద్ది, ఆముదము పలుచగా పట్టించి నీడన ఆరబెట్టిరి. ముందువైపున కాడి మచ్చ నల్లగా కనబడుచుండెను. ఇన్ని దినములును అవ్వ వాకిటికి రాలేదు. లోపల వత్తులు చేసికొనుచు, కిటికీలోనుండి చూచుచు ఉండెను. అతనికి మంచినీళ్ళు మనుమరాలే ఇచ్చెడిది.

ఆనాడు మధ్యాహ్నము తాతగారు లింగపూజ ముగించి వచ్చి సంచిని భుజమున తగిలించుకొని చూచుకొనెను. అవ్వ బయటికి వచ్చినది. సంచిని చేతిలోనికి తీసికొని ఆ మచ్చ మీద బొటనవ్రేలు ఉంచి చాలసేపు నిలుచుండెను. తరువాత లోపలికి పోయి విభూతిపండు తెచ్చి, తన చేతితోనే దానిలో వేసెను. వృద్ధుడు పనిముట్లను గుడ్డలో చుట్టుకొని లేచెను. పిల్ల కూలి ఇయ్యబోగా తోలు ఇంటిదే గదా, సగము చాలునని బేరమాడుచుండెను.

అవ్వ నడవలో రెండు చాపలు పరచి, రెండు విస్తళ్ళు వేసెను. మరల గడప దాక వచ్చి నిలిచెను. ఎన్నో ఏండ్లుగా ఆమె అతనిని పేరు పెట్టియే పిలిచినది.

"అన్నా, పొద్దు వాలినది. లోపలికి వచ్చి మా ఆయనతో కలిసి భోజనము చేయుము" అనెను.

అతడు ఆమెను, గడపను, మరల ఆమెను చూచెను. మెట్టు మీద ఒక కాలు పెట్టి ఆగెను.

"చేతులు ఎక్కడ కడుగుకొందునమ్మా?" అని అడిగెను.

"లోపల" అని అవ్వ చెంబు తీసికొని ముందు నడచెను.